క్రోషేతో వీపు సంచి: బొందు లాగితే మూతి ముడుచుకునే రకం, ఎలా మొదలుపెట్టాలి?

కొత్తచేయి
అందరికీ నమస్కారం. ఇంతవరకు టోపీలు, టేబుల్ మీద పరిచే గుడ్డలు, ఒక చిన్న దుప్పటి అల్లాను. ఇప్పుడు మా అమ్మాయికి వీపున తగిలించుకునే సంచి అల్లాలని ఉంది. జిప్పు, బకిళ్లు ఏవీ వద్దు. పైన బొందు లాగితే మూతి ముడుచుకుపోవాలి, అవే బొందులు భుజాలకు పట్టీలు కావాలి. రెండు నోటు పుస్తకాలు, నీళ్ల సీసా, పల్చటి స్వెట్టరు పడితే చాలు. అడుగు గుండ్రంగా అల్లాలా, చదునుగానా? దారం ఏది మంచిది? బరువుకు సాగిపోకుండా ఏం చెయ్యాలి? అల్లినవాళ్లు చెప్పండి.

నూలుకండె
మీ మూడో ప్రశ్నే ముందు తేల్చుకోవాలండీ. మిగతా రెండూ దాన్నిబట్టి నడుస్తాయి. క్రోషే బట్టంతా ఒకదాంట్లోంచి ఒకటి లాగిన ఉచ్చులే కదా, బరువు పడగానే ఆ ఉచ్చులు కిందికి సాగుతాయి, సంచి పొడవై సన్నబడుతుంది. లీటరు సీసా నిండా నీళ్లుంటే అదే కిలో దాటుతుంది. టోపీకీ దుప్పటికీ ఈ బాధ లేదు కాబట్టి ఇంతవరకు మీరు దీని గురించి ఆలోచించాల్సిన పని పడి ఉండదు.

దారం విషయానికొస్తే నా ఓటు కాటన్‌కే. యాక్రిలిక్ తేలిగ్గా ఉంటుంది, రంగులు కూడా బాగుంటాయి, కానీ బరువుకు ఎక్కువ సాగుతుంది. కాటన్ కాస్త బరువు, చేతికి గట్టిగా తగులుతుంది, అయినా ఆకారం నిలబెడుతుంది. మరీ సన్నందీ మరీ లావుదీ కాకుండా మధ్యరకం తీసుకోండి. లేబుల్ మీద 4 మి.మీ. హుక్ (అల్లే కొక్కెం సూది) అని రాసి ఉంటే 3.5తో అల్లండి. కుట్లు దగ్గర దగ్గరగా పడతాయి, పెన్ను మొన బయటికి పొడుచుకు రాదు.

కుట్టు మాత్రం సింగిల్ క్రోషేనే, అంటే పొట్టిగా, దగ్గరగా పడే కుట్టు. డబుల్ క్రోషే దానికంటే పొడుగు కుట్టు, పని చకచకా సాగుతుంది, కానీ కుట్ల మధ్య సందులుంటాయి, సాగడమూ ఎక్కువే. ఎవరైనా డిజైన్ పంపితే అది అమెరికా పద్ధతిలో ఉందో బ్రిటన్ పద్ధతిలో ఉందో చూసుకోండి. అమెరికా వాళ్ల సింగిల్‌నే బ్రిటన్ వాళ్లు డబుల్ అని రాస్తారు. నేనిక్కడ చెప్పేవన్నీ అమెరికా పేర్లే.

గుండీలడబ్బా
అడుగు చదునుగానే పెట్టుకోండి. ఈ రకం సంచికి కింద రెండు మూలలు ఉండి తీరాలి, బొందులు వచ్చి కట్టుకునేది అక్కడే. గుండ్రటి అడుగుకు మూలలే ఉండవు, ఎక్కడ కట్టాలో మనమే ఊహించుకోవాలి. పైగా పుస్తకాలు నలుచదరంగా ఉంటాయి. గుండ్రటి అడుగులో పెడితే సంచి వీపుకు ఆనుకోకుండా ఉబ్బెత్తుగా నిలబడుతుంది.

రాత్రిఅల్లిక
గుండీలడబ్బా గారూ, పుస్తకాలకైతే మీ మాట నిజమే. కానీ సీసా, టిఫిన్ డబ్బా లాంటివి గుండ్రటి అడుగులోనే కుదురుగా నిలబడతాయి, సంచి కింద పెట్టినా పక్కకు ఒరగదు. మా ఇంట్లో ఈత బట్టలకు గుండ్రటి అడుగు సంచే వాడుతున్నాం. బొందులు కట్టడానికి వీపువైపు అడుగు అంచున రెండు చోట్ల గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. రెంటి మధ్యా ఓ జానెడు ఎడం ఉండాలి, దగ్గర దగ్గరగా కడితే సంచి నడిచినప్పుడల్లా ఊగుతుంది.

కొలతలమాస్టారు
అడుగు ఏదైనా లెక్క ఒకటే. ముందు 10 సెం.మీ. కంటే కొంచెం పెద్దగా ఒక నమూనా ముక్క అల్లండి. దాన్ని ఒకసారి ఉతికి ఆరబెట్టి, మధ్యలో 10 సెం.మీ.లో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు పడ్డాయో లెక్కపెట్టండి. ఉదాహరణకు 18 కుట్లు, 20 వరుసలు వచ్చాయనుకుందాం.

పరిచినప్పుడు సంచి వెడల్పు 35 సెం.మీ. కావాలంటే చుట్టుకొలత 70. అంటే 7 × 18 = 126 కుట్లు. ఎత్తు 40 కావాలంటే 80 రౌండ్లు.

చదును అడుగుకు 64 గొలుసు కుట్లు వేసి, హుక్ నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టి 63 సింగిల్ వెయ్యండి. పని తిప్పకుండా అదే గొలుసుకు రెండోవైపు మరో 63 వెయ్యండి. మొత్తం 126. ఇక పెంచేదీ తగ్గించేదీ లేదు, పైకి అల్లుకుంటూ పోవడమే.

గుండ్రటి అడుగుకు మ్యాజిక్ రింగ్‌లో (లాగితే బిగిసే దారపు ఉచ్చు) 6 కుట్లు, ఆ తర్వాత ప్రతి రౌండులో 6 పెంపులు, అంటే ఆరు చోట్ల ఒకే కుట్టులో రెండేసి. 6, 12, 18... అలా 21వ రౌండుకు 126 వస్తుంది, అడ్డుకొలత దాదాపు 22 సెం.మీ. అక్కడ పెంపులు ఆపేస్తే గోడ లేస్తుంది.

దారం ఎంత కావాలో కూడా ఆ ముక్కే చెబుతుంది. సరిగ్గా 10 × 10 వచ్చేలా ఒక ముక్క అల్లి వంటింటి త్రాసు మీద తూచండి. మీ సంచి రెండు ముఖాలూ కలిపి 2 × 35 × 40 = 2800 చదరపు సెం.మీ., అంటే అలాంటి ముక్కలు 28. ముక్క 10 గ్రాములుంటే సంచికి 280 గ్రాములు. బొందులకూ అంచుకూ మరో 50 నుంచి 70 కలుపుకోండి. అంతా ఒకేసారి కొనండి, లేబుల్ మీద డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారాల గుర్తు) అన్నిటికీ ఒకటే ఉందో లేదో చూసుకోండి. అదే రంగు వేరే లాట్‌లో తెస్తే సంచి మధ్యలో గీత గీసినట్టు తేడా కనబడుతుంది.

కొత్తచేయి
మాస్టారూ, ఇంత విడమరిచి చెప్పినందుకు చాలా థాంక్స్. త్రాసు సంగతి నాకు తట్టనే లేదు. నమూనా ముక్క అల్లాను, 10 సెం.మీ.కి 18 కుట్లే వచ్చాయి. చదును అడుగే పెడదామనుకుంటున్నా. అయితే సరదాకి గుండ్రంగా కూడా కొంచెం అల్లి చూస్తే అంచు అలలు అలలుగా లేస్తోంది. ఎందుకలా?

నూలుకండె
అలలు లేస్తున్నాయంటే చుట్టుకొలతకు కుట్లు ఎక్కువయ్యాయి. ఒక రౌండులో ఆరుకు మించి పెంపులు పడ్డాయేమో లెక్కపెట్టండి. లెక్క సరిగ్గానే ఉంటే మీ చేయి వదులుగా పడుతోందన్నమాట, హుక్ ఒక సైజు తగ్గించండి. దానికి ఎదురుగా గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంటే కుట్లు తక్కువ.

ఇంకోటి. ప్రతి రౌండులోనూ పెంపు ముందటి పెంపు మీదే పడితే ఆరు మూలలు తేలి షడ్భుజిలా అవుతుంది. ఒక రౌండు పెంపుతో మొదలుపెడితే తర్వాతి రౌండులో కొన్ని మామూలు కుట్లు వేశాక పెంపు మొదలుపెట్టండి. అడుగు పూర్తయ్యాక గోడ మొదటి రౌండు మాత్రం కుట్టు వెనక పోగులోంచే అల్లితే అడుగుకూ గోడకూ మధ్య మడత చక్కగా తేలుతుంది.

అల్లికపిచ్చి
నాదొక సందేహం. రౌండు రౌండుకూ స్లిప్ స్టిచ్‌తో (రౌండు కొసను మొదటి కుట్టుకు కలిపే చిన్న కుట్టు) కలుపుతూ పోవాలా, ఆగకుండా సుడిగా అల్లుకుంటూ పోవాలా? కలిపితే ఆ అతుకు వంకరగా పక్కకు జరుగుతూ కనబడుతుంది, నాకు చూడబుద్ధి కాదు.

రాత్రిఅల్లిక
ఒకటే రంగైతే సుడిగానే పోనివ్వండి. మొదటి కుట్టులో పిన్నీసో వేరే రంగు దారం ముక్కో పెట్టి రౌండుకొకసారి పైకి జరుపుకుంటే లెక్క తప్పదు. చారలు కావాలంటే మాత్రం సుడిలో రంగు మారిన చోట మెట్టు పడుతుంది, అప్పుడు కలపడమే నయం.

సుడిగా అల్లినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి, ముఖ్యంగా చదును అడుగు పెట్టినవాళ్లు. సింగిల్ క్రోషే కుట్టు కింది కుట్టుకు సరిగ్గా మీద కూచోదు, కాస్త పక్కకు వాలుతుంది. 80 రౌండ్లు పోయేసరికి అడుగు మూల నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చిన కుట్టు పక్కలో ఉండదు, ముందువైపుకో వెనకవైపుకో జరిగిపోతుంది. కాబట్టి బొందు కన్నాల దగ్గరికొచ్చాక కుట్ల వరుసను నమ్ముకోకండి. సంచిని బల్ల మీద పరిచి, కింది మూలలు సరిగ్గా చూసుకుని, పైన రెండు పక్కల్లోనూ గుర్తు పెట్టుకోండి. ఆ వాలు అసలే వద్దంటే ప్రతి రౌండు కలిపి, పని తిప్పి వెనక్కి అల్లండి. వాలు ఒకసారి అటు, ఒకసారి ఇటు పడి సరిపోతుంది. అల్లికపిచ్చి గారి అతుకు కూడా నిటారుగా వస్తుంది.

అల్లికపిచ్చి
తిప్పి అల్లడమన్నది ఇన్నాళ్లూ చెయ్యలేదు, ఈసారి అలాగే చేస్తా.

కొత్తచేయి
సగం పైన అయింది! చదును అడుగు, సుడిగానే అల్లుతున్నా. బట్ట గట్టిగా, ముట్టుకుంటే ఎంతో బాగుంది. ఇక బొందు కన్నాల గురించి చెప్పండి. ఎన్ని ఉండాలి? బొందు ఒకటా రెండా?

పురిదారం
నేను చెప్పాల్సిన చోటు వచ్చింది. సంచి అందరూ బాగానే అల్లుతారు, అది నిలబడేదీ పాడయ్యేదీ బొందుల దగ్గరే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

కన్నాల రౌండు ఇలా: రెండు కుట్లలో ఒక్కో డబుల్ క్రోషే, ఒక గొలుసు, ఒక కుట్టు వదిలెయ్యడం. మళ్లీ అదే. 126 కుట్లకు 42 కన్నాలు వస్తాయి. బొందు లావుగా ఉంటే మూడు కుట్లు డబుల్, మూడు గొలుసులు, మూడు వదలడం, అప్పుడు 21 వస్తాయి. కానీ 21 పనికిరాదు. కన్నాలు సరిసంఖ్యలోనే ఉండాలి, ఎందుకో చెప్తాను. బొందు ఒక కన్నంలోంచి లోపలికి పోతుంది, పక్కదాంట్లోంచి బయటికొస్తుంది. సరిసంఖ్య ఉంటే చుట్టూ తిరిగి మొదటి చోటుకొచ్చేసరికి రెండో కొస కూడా బయటే ఉంటుంది. బేసి అయితే ఒక కొస బయట, ఒకటి లోపల. లావు బొందు పెట్టాలంటే కన్నాల రౌండుకు ముందు రౌండులో ఆరు కుట్లు తగ్గించి 120 చేసుకోండి, 20 కన్నాలు వస్తాయి.

కన్నాల పైన మూడు రౌండ్లు సింగిల్ వేసి ముగించండి. మరీ ఎత్తు వేస్తే మూతి ముడిచినప్పుడు ఆ అంచంతా పైన గుబురుగా నిలబడుతుంది.

బొందులు రెండు. మొదటిది ఎడమ పక్క గుర్తు దగ్గర దూరి, మూతి చుట్టూ పూర్తిగా తిరిగి, మళ్లీ ఎడమ పక్కనే బయటికి రావాలి. దాని రెండు కొసలూ ఎడమ కింది మూలకు. రెండోది కుడి పక్క మొదలై, అంతా తిరిగి, కుడి పక్కనే వచ్చి కుడి మూలకు. ఇలా ఉంటేనే రెండు వైపులా ఒకేసారి లాగినప్పుడు మూతి మధ్యలోకి సమంగా ముడుచుకుంటుంది. ఒక్క బొందుతో కూడా చెయ్యొచ్చు గానీ మూతి ఒక పక్కకే కుచ్చులు పడుతుంది, భుజానికి ఒంటి పేటే వస్తుంది.

పొడవు: మూతి చుట్టుకొలత 70, కిందికి రెండు పేటలు 40 + 40, ముడులకూ వదులుకూ 20. ఒక్కో బొందు 170 సెం.మీ. చాలామంది భుజం కోసమని ఇంకో 50, 60 కలుపుతారు. అవసరం లేదు. మూతి ముడిచినప్పుడు దాంట్లో ఉన్న బొందంతా బయటికొచ్చి పట్టీకే కలుస్తుంది. మూతిలో ఓ 20 మిగిలిందనుకున్నా, తక్కిన 150లో సగం, 75 సెం.మీ. పట్టీ వస్తుంది. పెద్దవాళ్లకే సరిపోతుంది. చిన్నపిల్లలకు సంచి కొలతే చిన్నదవుతుంది కాబట్టి బొందూ తగ్గుతుంది.

కొత్తచేయి
పొడవు లెక్క ఇప్పుడర్థమైంది. నేను 230 సెం.మీ. అల్లుదామనుకున్నా! బొందును ఉత్త గొలుసు కుట్టుతోనే అల్లితే ఆగుతుందా?

పురిదారం
ఉత్త గొలుసు వద్దు తల్లీ. అది అన్నిటికంటే ఎక్కువ సాగుతుంది. గొలుసు అల్లి, దాని వెనకవైపు బుడిపెల్లో తిరుగు స్లిప్ స్టిచ్ వేసుకుంటూ వస్తే గట్టిపడుతుంది. ఇంకా మంచిది కావాలంటే రొమేనియన్ తాడు నేర్చుకోండి. ఒక్కో కుట్టూ వేశాక పని తిప్పుతూ పోవడమే. జడలా చదునుగా వస్తుంది, సాగడం బాగా తక్కువ. ఏదైనా సరే, ముందు 30 సెం.మీ. ముక్క అల్లి, దానికి నిండు నీళ్ల సీసా కట్టి ఒక రాత్రి వేలాడదీయండి. తెల్లారి టేపు పెట్టి కొలిస్తే మీకే తెలుస్తుంది.

అల్లిన బొందుకు ఇంకో గుణం ఉంది. దాని ఒళ్లు గరుకు, కన్నాల్లో సులువుగా జారదు. పిల్లలు లాగలేక అలాగే తెరిచి వదిలేస్తారు. అందుకే నేను సంచి అల్లినా బొందు మాత్రం కొన్న కాటన్ తాడు, 5 మి.మీ. లావుది వేస్తాను. దీనికి ఆ లావు కన్నాలే పెట్టుకోవాలి.

నూలుకండె
పురిదారం గారితో ఇక్కడొక్కచోట నాకు కుదరదు. రొమేనియన్ తాడు మెర్సరైజ్డ్ (మెరుపు, నునుపు వచ్చేలా శుద్ధి చేసిన) కాటన్‌తో అల్లితే నున్నగా ఉంటుంది, బాగానే జారుతుంది. సంచి రంగులోనే బొందు ఉంటే వచ్చే అందం కొన్న తాడుకు రాదు. కొంచెం పెద్ద కన్నాలు పెట్టుకుంటే చాలు.

పురిదారం
మెర్సరైజ్డ్ అయితే ఒప్పుకుంటా. మామూలు కాటన్‌తో మాత్రం కష్టమే.

గుండీలడబ్బా
కింది మూలల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. బరువంతా చివరికి పడేది ఆ రెండు చోట్లే. బొందును ఉత్త కుట్టులోంచి దూర్చి ముడేస్తే, కొన్నాళ్లకు ఆ కుట్టు సాగి ముడి బయటికి జారుతుంది. లోహపు రింగు బిగిద్దామన్నా క్రోషే బట్టలో అది పట్టు నిలవదు, చుట్టూ ఉన్న ఉచ్చులు వదులై ఊడొస్తుంది. కింద బట్ట ముక్క వేసి కుట్టాకే రింగు బిగించాలి.

నేను చేసేది ఇదీ. మూలకు రెండు రౌండ్ల పైన బొందు రెండు కొసలూ లోపలికి దూరుస్తాను. లోపల ఒక పెద్ద కోటు గుండీ పెట్టి, దాని రెండు కన్నాల్లోంచి ఒక్కో కొస తీసి కలిపి ముడేస్తాను. లాగినప్పుడు బరువు ఒక్క కుట్టు మీద కాకుండా గుండీ వెడల్పంతా పరుచుకుంటుంది. గుండీ కన్నాలు బొందు పట్టేంత పెద్దవి దొరక్కపోతే, మందపాటి బట్టను నాలుగు మడతలు వేసి లోపల కుట్టి దాంట్లోంచి తీసినా అంతే.

కొత్తచేయి
గుండీ ఆలోచన నాకు చాలా నచ్చింది. మరి అస్తరు తప్పదా? నాకు కుట్టు మిషను లేదు.

నూలుకండె
పుస్తకాలూ సీసా అన్నారు కాబట్టి తప్పదనే అంటాను. మిషను అక్కర్లేదు, నేరుగా వెళ్లే మూడు కుట్లే. గట్టి కాటన్ బట్ట తీసుకుని ముందు తడిపి ఆరెయ్యండి, ముడుచుకునేది ముందే ముడుచుకుపోతుంది. 36 సెం.మీ. వెడల్పు, 82 పొడవు కత్తిరించండి. అడ్డంగా మధ్యకు మడిచి, రెండు పక్కలూ 1 సెం.మీ. వదిలి వెనక్కి తీసే కుట్టు వెయ్యండి. కచ్చా కుట్టు వద్దు, బరువుకు పిగులుతుంది. పైన 2 సెం.మీ. లోపలికి మడవండి. 34 × 39 సంచి వచ్చిందిగా, మీ అల్లిక 35 × 40. ఆ ఒక్క సెంటీమీటరు తేడా కావాలనే పెట్టాను. అస్తరు కాస్త చిన్నదైతేనే బరువు దాని మీద పడుతుంది. పెద్దదైతే లోపల ముడతలు పడి ఊరికే ఉంటుంది, అల్లిక సాగుతూనే ఉంటుంది.

పై అంచును కన్నాల రౌండుకు ఒక వరుస కింద, చుట్టూ హెమ్మింగ్ కుట్టండి. కింది రెండు మూలల్లో కూడా గుండీ దగ్గర అస్తరును పట్టి నాలుగు కుట్లు వెయ్యండి. దాంతో బరువు అస్తరు నుంచి నేరుగా బొందుకు వెళ్తుంది, అల్లికకు మోసే పని తప్పుతుంది.

రాత్రిఅల్లిక
అస్తరు కుట్టకముందే ఒకసారి తడిగుడ్డ పరీక్ష చెయ్యండి. ముదురు ఎరుపు, నీలం కాటన్లు రంగు వదులుతాయి. నమూనా ముక్క మీద తడి తెల్లగుడ్డ గట్టిగా రుద్ది చూడండి. ఉతికేటప్పుడు చల్లటి నీళ్లే, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరెయ్యాలి. తడి కాటన్ సంచిని తీగకు వేలాడదీస్తే దాని బరువుకే పొడుగు సాగుతుంది.

కొలతలమాస్టారు
అమ్మాయి వయసెంతో చెప్పలేదు. మరీ చిన్నపిల్లయితే బొందు ముడి కింద తోకలు వదలకుండా కత్తిరించండి. జారుడుబల్ల, ఊయల దగ్గర సంచి వీపున ఉంచవద్దని చెప్పండి. వేలాడే బొందులు ఆట సామాన్లకు చిక్కుకుంటాయి, అది నిజంగా ప్రమాదం.

కొత్తచేయి
తనకు పదకొండేళ్లు, అయినా తోకలు వదలను. సంచి పూర్తయింది! అస్తరు చేత్తోనే కుట్టాను, మూలల్లో గుండీలు పెట్టాను, బొందు రొమేనియన్ తాడే. మూతి చక్కగా మధ్యలోకి ముడుచుకుంటోంది. పుస్తకాలు పెట్టి ఇల్లంతా తిరిగింది. ఒకటే అడుగుతోంది: సీసా కూడా పెడితే బొందులు భుజం మీద ఒరుసుకుంటున్నాయట. బొందులు మార్చాలా?

పురిదారం
మార్చొద్దు. భుజం చోట తొడుగు వేస్తే సరి. 8 సెం.మీ. వెడల్పు, 15 పొడవు ముక్కలు రెండు, సింగిల్ క్రోషేలోనే, వరుసలు పొడవు వెంబడి నడిచేలా అల్లండి. ఒక్కోదాన్ని బొందు రెండు పేటల చుట్టూ కప్పి, పొడవు అంచులు కలిపి కుట్టెయ్యండి. రెండు పేటలూ లోపల పక్కపక్కన పడి ఉండాలి, ఒకదాని మీదొకటి ఎక్కితే గట్టు తగులుతుంది. అందుకని మధ్యన పొడవునా ఒక కచ్చా కుట్టు వేసి రెండు అరలు చేయండి, పేటకొక అర. బొందుకు మాత్రం సూది తగలకూడదు. తొడుగు బొందు మీద అటూ ఇటూ జరుగుతూ ఉండాలి, లేకపోతే మూతి తెరుచుకోదు.

అల్లికపిచ్చి
ఆ తొడుగు లోపల పాత టీషర్టు బట్ట ఒక మడత పెట్టి కుట్టండి, మెత్తగా ఉంటుంది. కొత్తచేయి గారూ, సంచి ఫోటో పెట్టరా? కన్నాల రౌండు దగ్గరగా కనబడేలా తీయండి, నేను రేపే మొదలుపెడుతున్నా.